గింత జాగ సాలు తల్లీ

నేను రాసిన ఒక పాట విని ఒక ఊరంతా తలుపులు మూసుకుంది. పాటలు కట్టడం నేర్చుకుంటున్న పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు బాగా పేలిన పాటల గురించే అడుగుతారు. నేనూ వాటి గురించే చెప్పి, చాయ్ తాగించి పంపిస్తుంటాను. ఈసారి ఆ ఊరి సంగతి చెబుతాను. ఇంకొకరు పాడటానికి మాటలు రాసే పనిలో మీరుంటే కాస్త ఓపికగా చదవండి.

అరవైల మొదటి సంవత్సరాలు. మహబూబ్‌నగర్‌లో ఒక ప్రచార కార్యాలయంలో నాకు ఉద్యోగం. కాగితం మీద నా హోదా ఏదైనా, చేసే పని పాటలు రాయడం. ఎరువుల మీద, బావుల మీద, బడి మీద, చిన్న కుటుంబం మీద, పైవాళ్లు ఏది అడిగితే దాని మీద రాసేవాణ్ణి. పెళ్లి కాకముందే పిల్లల మధ్య ఎడం గురించి నాలుగు పాటలు రాసిన ఘనుణ్ణి.

మా బృందంలో ముగ్గురం. హార్మోనియం మాస్టారు ఆలంపూర్ వైపు మనిషి. నాటక సమాజాలతో ఊరూరా తిరిగి, ముందు పళ్లు ఊడాక మా దగ్గర చేరాడు. ఆయన పెట్టె తిత్తి చిరిగితే పాత లుంగీ గుడ్డ అంటించుకున్నాడు. అందుకని ఆయన వాయిస్తుంటే స్వరంతో పాటు ఒక నిట్టూర్పు కూడా వినిపించేది. పాడేది ఒక గొల్లామె. కల్వకుర్తి దగ్గరి పల్లె. గొర్ల వెంట తిరుగుతూ, గుట్ట మీది మనిషిని కింది నుంచి పిలిచీ పిలిచీ సాగిన గొంతు ఆమెది. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖం నిండా మచ్చలు, ఎడమ కంట్లో తెల్లటి పొర. అక్షరం ముక్క రాదు. నేను రెండుసార్లు చదివితే చాలు, మూడోసారి నాకే అప్పజెప్పేది. నాకంటే ఐదారేళ్లు పెద్దది కాబట్టి నేను అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను సారూ అనేది.

ఇక నేను. నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరు మాది. బడిలో ఉర్దూ చదివి, తెలుగు మాత్రం గ్రంథాలయంలో కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను. అంత కష్టపడి నేర్చుకున్నందుకేమో, పుస్తకాల తెలుగంటే పిచ్చి మోజు. మా ఇంట్లో మాట్లాడే మాట ఒక్కటి కూడా నా పాటలోకి దూరకుండా కాపలా కాసేవాణ్ణి.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో అచ్చంపేట వైపు మశూచి తగులుకుంది. టీకాలు వేసే మనుషులు వెళితే ఊళ్లలో చేతులు జాపడం లేదు. రెండు రోజుల్లో పాట కావాలని మా అధికారి అడిగాడు. ఒక్క రోజులోనే రాసి ఇచ్చాను. అందులో నాకు బాగా నచ్చిన చరణం ఇది:

అమ్మ కాదురా, అంటురోగమిది
వేపమండలను విసిరివేయరా

అధికారి రెండుసార్లు చదివి, కింద సంతకం చేసి, 'ఇక ఒక్క అక్షరం మార్చకండి' అన్నాడు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

సాధనలో ఆమె ఆ చరణం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మాస్టారు మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ ఆగింది.

"ఏమైందక్కా, మరిచిపోయావా?"

"మర్వలే సారూ. గీ మాట నా నోట్లకెల్లి వస్తలేదు."

"ఎందుకు రాదు?"

"నాకు పోసినప్పుడు మా అవ్వ నా పక్కనే కూసోని, అమ్మా, తల్లీ అని మొక్కుకుంటనే ఉండె. ఆ పిలుపు ఇనుకుంటనే నేను బతికిన. ఇప్పుడు లేచి అమ్మ కాదని ఊరి మీద ఒర్రుమంటరా?"

అది మూఢనమ్మకమని చెప్పాను. సూక్ష్మజీవుల గురించి చెప్పాను. ఆమె తల వంచుకుని విన్నది. మాస్టారు హార్మోనియం మూత మీద వేళ్లు ఆడిస్తూ, "కవీ, ఆమె గొంతుల దిగనిది ఊరి చెవులకెట్ల పోతదయ్యా? జర సోంచాయించి మాట మార్చు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నా మొదటి పెద్ద పాట అది. పాడలేకపోతే పట్నం నుంచి ఇంకొకరిని పిలిపిస్తానని అనేశాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

ఆమె కొంగు సర్దుకుని లేచి నిలబడింది. "మీరు రాసిన్రు, నేను పాడుత. నడువున్రి" అన్నది.

అచ్చంపేట దాటి అడవి అంచుకు పోతే ఒక ఊరు. పేరు వద్దు. పొద్దున తొమ్మిదింటికి బడి ముందర జీపు ఆపి మైకు పెట్టాం. టీకాల సారు అప్పటికే అక్కడ ఉన్నాడు. బక్కపలచటి మనిషి, చేతిలో ఫ్లాస్కు. అందులో ఐసు మీద మందు గొట్టాలు. ముందు రోజు ఇల్లిల్లూ తిరిగి బతిమాలుకున్నాడట. పదిమంది దాకా వస్తామన్నారని సంతోషంగా చెప్పాడు.

జనం బాగానే కూడారు. ఆమె గొంతు ఎత్తగానే ఆడవాళ్లు కూడా దగ్గరికి జరిగారు. మొదటి చరణం అయింది. రెండో చరణం ఆమె కళ్లు మూసుకుని పాడింది. అమ్మ కాదురా అనగానే ముందున్న ముసలామె దిగ్గున లేచి లెంపలు వేసుకుంది. వేపమండలను విసిరివేయరా అనేసరికి వెనక నుంచి ఒక మనిషి జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చాడు. భుజం మీద గొంగడి, చేతిలో గొర్ల కర్ర. మైకు ముందు నిలబడి ఆమెను కాదు, నన్ను చూశాడు. చేతిలో కాగితం ఉన్నది నాకే కదా.

"గీ పాట నువ్వే రాసినవా సారూ?"

అవునన్నాను.

"పొద్దుగాల నా కొడుకును మన్నుల వెట్టొచ్చిన. తల్లి దీస్కపోయిందని మనసు గట్టి జేస్కున్న. ఇప్పుడు తల్లి గాదంటున్నవు. మరి నా కొడుకు ఏంటికి సచ్చినట్టు? ఉత్తగనే సచ్చిండా?"

ఆ క్షణంలో నోరు మూసుకుని నిలబడినా సరిపోయేది. నేను మైకు అందుకుని, శాస్త్రం ప్రకారం ఈ వ్యాధి గాలి ద్వారా అంటూ మొదలుపెట్టాను. ఆ మనిషి కర్ర ఎత్తలేదు, తిట్టలేదు. వెనక్కి తిరిగి నడిచాడు. ఆయన వెనక జనం ఒక్కొక్కరే కదిలారు. కాసేపటికి బడి ముందు నా గొంతు ఒక్కటే మిగిలింది. తర్వాత తలుపుల చప్పుడు. ఒక ఇల్లు, పక్కిల్లు, ఎదురిల్లు. గొళ్లాలు పడుతున్న చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

టీకాల సారు ఫ్లాస్కు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టి వచ్చాడు. చెమట తుడుచుకుంటూ నాతో ఒక్క మాటే అన్నాడు.

"మీ పాట రాకముందు పదిమందన్న ఉండిరి సారూ."

 తిరుగుదారిలో జీపులో ఆమె తెచ్చుకున్న జొన్నరొట్టె మూట ఒళ్లో అలాగే ఉంది.

వారం తిరగకముందే టీకాల సారు కార్యాలయానికి వచ్చాడు. ఆ ఊళ్లో ఇంకో నాలుగు ఇళ్లలో పోసిందని, పొలిమేర మూసేశారని, చుట్టుపక్కల ఊళ్లకు కూడా మన సంగతి పాకిందని చెప్పాడు. అధికారి వెంటనే నిర్ణయం తీసుకున్నాడు. ఎల్లుండి పోలీసులతో వెళ్లి అందరినీ పట్టుకుని టీకాలు వేయించాలి.

 బయటికి వచ్చాక టీకాల సారు నా మోచేయి గట్టిగా పట్టుకున్నాడు. "పోలీసుల జూస్తే గా ఊరోళ్లు పిల్లల సంకనేస్కొని అడవిల వడ్తరు సారూ. జరమొచ్చినోళ్లను గూడ ఎత్కపోతరు. లోపట చెంచుల గూడేలు, పెంటలున్నయి. ఒక్క పెంటకంటుకుంటే ఇగ ఎవ్వరాపుతరు?"

నేను మళ్లీ లోపలికి వెళ్లాను.  రేపు ఒక్క రోజు మాకివ్వమని అడిగాను. అధికారి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్క రోజే. సాయంత్రం దాకా. మీ వల్ల కాకపోతే ఎల్లుండి పోలీసులు బయల్దేరతారు. ఇంకో సంగతి, ఆమోదించిన పాట తప్ప మరేదీ మైకులో వినిపించకూడదు."

మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరాం. దారి పొడవునా నేను ఒక క్షమాపణ ఉపన్యాసం కాగితం మీద రాసుకుంటూనే ఉన్నాను. మంచి భాషలో వచ్చింది. దాన్ని చదివే అవసరం రాలేదు, అదృష్టం.

ఊరి పొలిమేరలో దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. దాని నిండా వేపమండలు. తాడు వెనక ఇరవైమంది దాకా మగవాళ్లు, కర్రలతో. మధ్యలో ఆ గొంగడి మనిషే. వాళ్ల వెనక దూరంగా ఆడవాళ్లు, పిల్లలు. జీపు ఆగగానే ఒక రాయి వచ్చి ముందు అద్దం పక్కన తగిలింది.

"ఆడనే ఉండున్రి! తాడు దాటితే మంచిగుండది!"

నేను దిగబోయాను. మాస్టారు చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. టీకాల సారు ఫ్లాస్కు మూత తీసి చూసి, "ఐసు మధ్యాహ్నం దాకనే ఆగుతది. ఆ తర్వాత మందు పనికిరాదు" అని గొణిగాడు. ఎండ అప్పటికే చుర్రుమంటోంది.

ఆమె చెప్పులు జీపులో విడిచి కిందికి దిగింది. దిగి, నా వైపు వచ్చి నిలబడింది.

"సారూ, మీ పాట నాకిస్తరా?"

నాకు మొదట అర్థం కాలేదు. ఆమె మళ్లీ అన్నది. "మీ పాటల చెయ్యి వెడ్త. ఒప్పుకుంటరా? ఒద్దంటే గిప్పుడే చెప్పున్రి."

అధికారి సంతకం ఉన్న కాగితం నా జేబులో ఉంది. ఉద్యోగం సంగతి మనసులో మెదిలింది. నిజం చెప్పాలంటే అంతకంటే ముందు మెదిలింది, చదువురాని మనిషి నా పాటను దిద్దడమా అన్న పౌరుషం. మాస్టారు నన్ను చూస్తున్నాడు. 

"ఇచ్చినక్కా" అన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత మా ఇంటి మాట నా నోట్లోంచి వచ్చింది.

ఆమె మైకు ముట్టుకోలేదు. ఒక్కతే నడుచుకుంటూ వెళ్లి తాడుకు ఇవతల నిలబడి, ముందు తాడుకు మొక్కింది. తర్వాత తల మీది కొంగు తీసి ముఖం ఎండకు ఎత్తింది, అందరికీ కనబడేలా. మగవాళ్ల మధ్య నుంచి ఆడవాళ్లు తొంగిచూశారు. ఆమె పాట ఎత్తుకుంది. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్టుగా, నెమ్మదిగా.

అమ్మా వచ్చినవు, మా ఇంటికొచ్చినవు
సల్లంగ కూసో తల్లీ, సల్లంగ కూసో
మొకము మీద ఒద్దు తల్లీ, కండ్ల మీద ఒద్దు తల్లీ
బుజము మీద పీటేస్త, గింత జాగ సాలు
గింత జాగ సాలు తల్లీ, గింత జాగ సాలు

జీపు వెనక నుంచి హార్మోనియం సన్నగా అందుకుంది. మాస్టారు వాయించింది ఒకే ఒక్క స్వరం, చివరిదాకా. మిగతాదంతా ఆమెకే వదిలేశాడు.  నేను కాదన్న అమ్మను ఆమె పిలిచి, మర్యాద చేసి, కూర్చోవడానికి టీకా మచ్చంత చోటు చూపిస్తోంది.

పాట ఆగింది.  గొంగడి మనిషి అడిగాడు.

"సూది వొడిపిస్తే తల్లికి కోపం రాదా?"

"నా మొకం జూడన్నా" అన్నది ఆమె. "చిన్నదాన్ని, నాకు తెల్వక మొకమంత ఇచ్చిన, కన్నిచ్చిన. నీ ఇంట్ల ఇంక పిల్లలున్నరా?"

"ఒక బిడ్డ ఉన్నది."

"ఆమెకు బుజం మీద జాగ జూపియ్యన్నా. తల్లి వచ్చి జూస్తది. ఓ, నా పీట ఈడున్నది గదా అని పక్కపొంటి పోతది."

ఆ మనిషి కళ్లు ఆమె మీది నుంచి నా మీదికి వచ్చాయి.

"గా సారును గిట్ల రమ్మను."

నేను తాడు దగ్గరికి వెళ్లాను.

"గంత పెద్ద పాట రాసినవు గదా. నీ బుజం జూపియ్యి."

 నా భుజం మీద మచ్చ లేదు. చిన్నప్పుడు బడికి టీకాలు వేయడానికి వస్తే గోడ దూకి పారిపోయాను. ఉద్యోగంలో చేరాక కూడా ఇవాళ, రేపు అంటూ తప్పించుకు తిరిగాను. చర్మం మీద మందు చుక్క పెట్టి, ముళ్ల బిళ్లను ఒత్తి తిప్పుతారని వింటేనే నాకు కళ్లు తిరిగేవి. ఊళ్లకు ఊళ్లను చేతులు జాపమని రాసిన నేను, నా చెయ్యి మాత్రం చొక్కాలో భద్రంగా దాచుకున్నాను.

దాచడానికి ఇక దారి లేదు. చొక్కా పైకి లాగాను. ఎడమ భుజం చూపించాను. కుడి భుజం చూపించాను. రెండూ నున్నగా ఉన్నాయి.

మూక ఒక్కసారిగా భగ్గుమంది. "జూసిన్రా! ఆయనకే లేదు!" "దొంగ మాటలు!" వెనక నుంచి ఒకడు కర్ర ఎత్తి ముందుకు దూకాడు. గొంగడి మనిషి చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు గానీ ఆయన దవడలు కూడా బిగుసుకుపోయాయి. మాస్టారు హార్మోనియం ఆపేశాడు.

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఎగతాళి లేదు. మళ్లీ వాళ్ల వైపు తిరిగి గొంతు పెంచింది.

"అన్నా, గీయన పాట రాసిండు గని తల్లికి జాగ ఇయ్యలే. భయస్థుడు. ఇప్పుడిస్తడు, మీ ముంగటనే. జూడున్రి." తర్వాత నాతో మెల్లగా, "కూసోన్రి సారూ" అన్నది.

దారి మీద దుమ్ములో కూర్చున్నాను. టీకాల సారు వచ్చి భుజం తుడిచి, మందు చుక్క పెట్టి, బిళ్ల ఒత్తాడు. నేను కళ్లు గట్టిగా మూసుకుని, "ఓయమ్మో, తల్లీ!" అని అరిచాను.

 ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక ముసలామె, "అమ్మ గాదనె గదా మొన్న! ఇప్పుడెవ్వల్ని పిలుస్తున్నడు?" అన్నది. నవ్వు అటు నుంచి ఇటు పాకి కర్రల దాకా వచ్చింది. గొంగడి మనిషి నవ్వలేదు. నా భుజం మీది నెత్తుటి చుక్కను కాసేపు చూశాడు. వెనక్కి తిరిగి, "తీస్కరాయే" అన్నాడు. ఆయన భార్య ఆరేడేళ్ల పిల్లను చెయ్యి పట్టుకుని తెచ్చింది. ఆయన తాడు ముడి విప్పడం నేను కింది నుంచి చూశాను.

ఐసు కరిగేలోపు యాభై ఆరు మందికి టీకాలు పడ్డాయి. ఆమె ప్రతి పిల్ల దగ్గరా కూర్చుని అదే పాట చెవిలో పాడింది. మర్నాడు పోలీసులు వెళ్లలేదు. ఆ ఊరి నుంచి అడవిలోకి ఎవరూ పోలేదు. అప్పటికే పోసిన ఇళ్లలో ఇద్దరు దక్కలేదు. వాళ్లను నేను మరిచిపోలేదు.

కథ ఇక్కడితో ఆపితే నాకు గౌరవంగానే ఉండేది.

పాట మార్చినందుకు అధికారి ఏమంటాడోనని భయపడ్డాను. ఆయన సంతోషించి, కరపత్రంగా వేయించి జిల్లా అంతా పంచుదామన్నాడు. ప్రతి నేనే సిద్ధం చేశాను. అచ్చులో బాగుండదని 'గింత జాగ సాలు'ను 'ఇంత చోటు చాలు' అని దిద్దాను. పీటను పీఠం చేశాను. రచన అన్నచోట నా పేరు ఉంది. ఆమె పేరు వేయాలని ఒకసారి అడిగాను. "రచయిత ఉద్యోగం మీదే కదండీ" అన్నాడు అధికారి. రెండోసారి అడగలేదు. అడగనవసరం లేనందుకు లోలోపల హాయిగా కూడా అనిపించింది.

కరపత్రం వచ్చిన రోజు ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"సారూ, గిండ్ల నా పేరేడున్నది?"

మాస్టారు గదిలో లేడు. నేను వేలు పెట్టి నా పేరు చూపించాను. "ఇదిగో" అన్నాను.

ఆమె ఆ అక్షరాలను బొటనవేలితో మెల్లగా తడిమింది. కాగితం మడిచి రవికెలో దాచుకుంది.

ఆరేడేళ్లు గడిచాయి. మాస్టారు పోయాడు, బృందం విడిపోయింది. ఆమె ఊరికి వెళ్లిపోయింది. నాకు నల్లగొండకు బదిలీ అయింది. ఒక రోజు మధ్యాహ్నం ఆమె కార్యాలయానికి వచ్చింది. జుట్టు నెరిసింది. కుశలాలు అయ్యాక నడుం దగ్గరి సంచిలోంచి మడతల దగ్గర చిరిగిన ఒక కాగితం తీసి నా బల్ల మీద పరిచింది.

"మా ఊర్ల పెద్దోళ్లకు బడి వెట్టిన్రు సారూ. రెండేండ్లు పోయిన. మొదలు గిదే సదవాలనుకున్న."

 ఆమె వేలు నా పేరు మీద ఆగింది.

"ఆనాడు మీరు జూపిచ్చిన కాడ మీ పేరున్నది."

నేను ఏదో చెప్పబోయాను. ఆమె వేలు కిందికి జరిపి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "ఇం-త చో-టు చా-లు." ఆగి, తలెత్తింది.

"నేను గిట్ల పాడలే సారూ. గిది మీ పాటనే. మీ పేరు సరిగ్గనే వడ్డది."

ఆ మాటలో క్షమించడం ఉందో, శిక్ష ఉందో ఇప్పటికీ నాకు తేలలేదు. అక్కా, నీ పాట నువ్వు పాడినట్టే చెప్పు, ఉన్నది ఉన్నట్టు రాస్తాను, నీ పేరు పెట్టి అచ్చు వేయిస్తాను అన్నాను. కాగితం ముందు పెట్టుకుని కలం తీశాను.

ఆమె చెయ్యి చాపింది.

"రాసుడు నాకొచ్చు సారూ."

కలం ఇచ్చాను. బల్ల మీద వంగి, మంచి కన్ను కాగితానికి దగ్గరగా పెట్టి, గీతలు దాటిపోయే పెద్ద పెద్ద అక్షరాలతో పాట మొత్తం రాసింది. అరగంట పట్టింది. నేను పక్కన నిలబడే ఉన్నాను. చివర తన పేరు రాసుకుంది, ఇంటిపేరుతో సహా. సిరా ఆరేదాకా ఊది, మడిచి, సంచిలో పెట్టుకుంది.

నా కరపత్రం బల్ల మీదే వదిలేసి, కల్వకుర్తి బస్సు దొరుకుతుందో లేదోనని తొందరగా వెళ్లిపోయింది.